మనిషి మాదిరే ఉండాడు

మా చిన్నాయన పోయినాడు. రంజాన్ పండగ అయిన మూడో పొద్దు, పుంగనూరులో తన పరుపుల అంగట్లో, సగం కుట్టిన పరుపు మీదనే ఒరిగిపోయినాడు. నేను మదనపల్లెలో నా మిషను ముందర కూచోని జాకెట్టు చేతులు కత్తిరిస్తా ఉంటే ఫోనొచ్చింది. "మీ చిన్నాయన లేడమ్మా, రా" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది చిన్నమ్మ. కత్తెర కింద పెట్టినానో లేదో, కుప్పం నుంచి చిన్నమ్మ తమ్ముడు చేసినాడు. ఆయన్ని నేను మామ అంటాను. "విన్నావా?" అన్నాడు. విన్నానన్నాను. "తాగుండాడా?" అన్నాడు.

అదీ మొదటి మాట. ఎట్ల పోయినాడు, నొప్పేమన్నా వచ్చిందా, అక్క ఎట్లుండాది, ఇవేవీ కాదు. తాగుండాడా! "పోయినోడు తాగుంటే నీకేం, తాగకపోతే నీకేం మామా? వచ్చేదుంటే రా, లేకుంటే ఇంట్లోనే కూచో" అని పెట్టేసినాను. మాపటి లోపల అదే మాట పుంగనూరులో ఇంకా శానామంది నోట విన్నాను. కొందరు నోటితో అడిగినారు, కొందరు కండ్లతో అడిగినారు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత, పోయినోళ్ల కోసం చదివే జనాజా నమాజుకు రెండో వరస కూడా నిండలేదంట.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తాండాను. ఆయన తాగలేదని చెప్పడానికి కాదు. తాగినాడు. నాకు తెలివొచ్చినప్పటి నుంచి తాగతానే ఉండాడు. ఆయన మనిషిగా ఎట్లాంటోడో చెప్పేవాళ్లు ఊర్లో ఎవురూ నోరు తెరవలేదు గనక, నేను తెరస్తాండాను.

మా నాయన నా చిన్నప్పుడే పోయినాడు. నన్ను సాకింది చిన్నాయన, చిన్నమ్మ. వాళ్లకు బిడ్డల్లేరు. మేం దూదేకులోళ్లం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజులో అరబ్బీ, బజార్లో వచ్చీరాని ఉర్దూ. మసీదులో కొందరికి మా తెలుగు వినపడితే మూతి పక్కకు పోతాది. చిన్నాయన దాన్ని పట్టించుకునేవాడు కాదు. నమాజు అయినాక రెండు చేతులూ పట్టి, తెలుగులోనే అడుక్కునేవాడు. పక్కన కూచుంటే నాకు వినపడేది. "అల్లా, నేను పాడు నాయాల్ని. ఐనా నీవోణ్ణే. వదిలేయొద్దు." అంతే. అంగడి బాగా జరగాలని గానీ, బిడ్డలు కావాలని గానీ ఆయన అడగ్గా నేను వినలేదు. ఒకసారి ఎగతాళికి, "అల్లాకు తెలుగొస్తాదా చిన్నాయనా?" అన్నాను. "మనకు తెలుగిచ్చింది ఎవురు మే?" అన్నాడు.

ఆయనకు రెండు పనులుండె. ఒకటి పరుపులు కుట్టడం. ఫోము పరుపులొచ్చి ఆ పని సగం సచ్చింది గానీ, బూరుగ దూది పరుపు మీదనే నిద్ర పట్టేవాళ్లు ఇంకా ఉండారు కదా, వాళ్లు పలమనేరు నుంచి కూడా వచ్చి కుట్టించుకోని పోయేవాళ్లు. రెండోది, మా వీధుల్లో ఎవురన్నా పోతే మయ్యత్తుకు గుసుల్ చేయించడం. అంటే పోయినోళ్లకు ఆఖరి స్నానం. మగోళ్లు పోతే ఆయన, ఆడోళ్లు పోతే ఆయన దగ్గర నేర్చుకున్న చిన్నమ్మ. రూపాయి ముట్టేవాళ్లు కాదు. మయ్యత్తుకు చుట్టే కఫన్ గుడ్డలోకి పెట్టే దూది కూడా మా అంగట్లోదే, దానికని తెల్లటి దూది ఎప్పుడూ ఒక సంచిలో వేరేగా ఎత్తిపెట్టుండేవాడు. ఆ సంచిని నన్ను కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

రేగాకు వేసి కాంచిన నీళ్లు, కడాకు పోసే నీళ్లల్లో కర్పూరం. మనిషి మీద గుడ్డ కప్పే ఉంచి, ఆ గుడ్డ కిందనే చెయ్యి పోనిచ్చి కడిగేవాడంట. చేతికి తొడుక్కునే సంచి కూడా పరుపు గుడ్డతో తనే కుట్టుకునేవాడు. పని అయినాక ఇంటికొచ్చి, తొట్టికాడ తానం చేసి, గడపలో కూచుంటే చిన్నమ్మ వంటింట్లోంచి అడిగేది, "ఎట్లుండాడు?" అని. చిన్నాయన జవాబు ఎప్పుడూ ఒకటే. "మనిషి మాదిరే ఉండాడు."

బట్టల షాపు షావుకారు పోయినా అదే మాట. బస్టాండులో దిక్కులేకుండా పోయిన బిచ్చగాడికీ అదే మాట. ఒకసారి ఊరంతా మెచ్చుకునే పెద్దమనిషికి గుసుల్ చేయించి వచ్చి, గోడకు తిరిగి కూచోని ఏడ్చినాడు. ఏం చూసినాడో ఏమో! చిన్నమ్మ ఎంత అడిగినా "మనిషి మాదిరే ఉండాడు లేమ్మే" అన్నాడు గానీ ఇంకొక ముక్క రాలేదు. నేను పెద్దదాన్నైనాక నిలదీసినాను. "కడిగేటోడు చూసింది వాడితోనే మట్లోకి పోవాల. నేను ఒకని మరుగు కాస్తే నా మరుగు అల్లా కాస్తాడు. నాకు దాచుకోవాల్సింది బో ఉండాది కదా తల్లీ" అని నవ్వినాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు.

నాకు ఆయన మీద కోపం లేదనుకోవద్దండి. నిండా ఉండాది. మీ ఇండ్లల్లో రంజాన్ నెల ముగిసి పండగ నెలవంక కనపడితే పటాసులు కాలుస్తారు, సేమియాలు నానేస్తారు. మా ఇంట్లో ఆ నెలవంకంటే భయం. ఎందుకంటే రంజాన్ నెలంతా చిన్నాయన చుక్క ముట్టేవాడు కాదు. ఒక్కపొద్దులు, రోజాలన్నీ ఉండేవాడు, ఐదు పూటలూ నమాజు చదివేవాడు, ఇఫ్తారుకు నాకు ఖర్జూరం గింజ తీసి నోట్లో పెట్టేవాడు. ఆ నెలంతా మా ఇల్లు ఇల్లు మాదిరి ఉండేది. ఆఖరి రోజా సాయంత్రం వీధిలో పిల్లోళ్లంతా మిద్దెలెక్కి చంద్రుణ్ణి ఎతుకుతా ఉంటే, నేనూ చిన్నమ్మా కిందనే నిలబడి మబ్బు రానీ అని మొక్కుకునేవాళ్లం. చంద్రుడు కనపళ్లేదంటే ఇంకొక రోజా, ఇంకొక పొద్దు మా చిన్నాయన మాకు మిగిలినట్లు. "కనపడినాడు, కనపడినాడు!" అని వీధంతా కేకలేస్తే చిన్నమ్మ గబగబా లోపలికి పోయి, ఎర్రగడ్డలు తరిగేది. కండ్లు ఎందుకు ఎర్రగున్నాయని ఎవురూ అడక్కూడదని.

పండగ నాడు ఈద్గా నుంచి కొత్త చొక్కాతో, అత్తరుతో వచ్చేవాడు. షీర్ ఖుర్మా తాగేవాడు. వచ్చినోళ్లందరినీ కావిలించుకునేవాడు. మధ్యాహ్నం దాటితే చాలు, కాలు నిలిచేది కాదు. గడప లోపలికీ బయటికీ తిరుగుతా ఉండేవాడు. "ఇట్ల పోయి అట్ల వస్తా" అనేవాడు. మాపటికి చిన్నమ్మ వాకిట్లో నిలబడి, ఆయన లోపలికి అడుగు పెట్టకముందే నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. ఆయన తల వంచుకోని మళ్లా బయటికే పోయేవాడు.

పోయేది యాడికనుకుంటున్నారు? మసీదుకు. లోపలికి కాదు. బయట చెప్పులిడిచే మెట్టు ఉండాది కదా, ఆడ కూచునేవాడు. లోపల నమాజు జరగతాంటే ఆడనే కండ్లు మూసుకోని వినేవాడు. ఒకసారి చిన్నమ్మ పంపిస్తే నేను పిలుచుకోని వచ్చేదానికి పోయినాను. "ఈ నోటితో లోపలికి పోకూడదమ్మా" అన్నాడు. "పోకూడదంటే ఇంటికి రా. చెప్పులకాడ యాల కూచుండావు? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాను. "ఇంకా యాడికి పోయేది మే?" అన్నాడు. నేనూ పక్కనే కూచున్నాను.

నా నిఖా మదనపల్లెలో జరిగింది. పెండ్లికూతురి తరపు పెద్ద యాడ అని మగపెండ్లోళ్లు అడిగితే, మా పెద్ద షాదీమహల్ బయట స్కూటర్లు నిలిపే తావ కూచోనుండాడు. తాగొచ్చి లోపల నా పక్కన నిలబడితే నా మర్యాద పోతాదని, తానే బయట ఆగిపోయినాడంట. మర్యాద యాడ మిగిలింది? అత్తగారింట్లో ఆ మాట ఏండ్ల తరబడి పడినాను. ఇవన్నీ మరిచిపోయి ఆయన ఔలియా, పెద్ద పుణ్యాత్ముడు అని చెప్పడానికి నాకు నోరు రాదు.

గానీ ఒకటి. ఆయన ఎప్పుడూ తన తప్పును తప్పు కాదనలేదు. "అందరూ తాగతాండారు" అని గానీ, "మనసు మంచిదైతే చాలు" అని గానీ అనలేదు. ఊర్లో ఒక కుర్రోడు, కొత్తగా గడ్డం పెంచినోడు, అంగట్లోకొచ్చి పెద్దాయనని కూడా చూడకుండా, "తాగితే నలభై పొద్దుల నమాజు చెల్లదు, నువ్వు ఊరికే వంగి లేయడం యాల?" అన్నాడు. చిన్నాయన సూది ఆపలేదు. "చెల్లకపోతే చెల్లకపోనీ నాయనా. చదవొద్దని చెప్పలేదు కదా" అన్నాడు. వాడు పోయినాక నాతో అన్నాడు, "పరుపు ఒక మూల చినిగిందని దూదంతా వీధిలో పారబోసుకుంటామా? పట్టుకోని కుట్టుకోవాల. మళ్లా చినుగుతాది. మళ్లా కుట్టుకోవాల." నాకు కోపమొచ్చి, "చినగకుండా చూసుకోవచ్చు కదా" అన్నాను. "చూసుకోవచ్చు" అన్నాడు. అంతే అన్నాడు.

ఇంక ఊరి సంగతికొస్తాను. మసీదు పెత్తనం చూసే ముతవల్లి ఒకాయన ఉండాడు. ఆయన నాయన ఒక ఏడు రంజాన్ పండగ మర్నాడే పోయినాడు. చిన్నాయనకు కబురొచ్చింది. పండగ మర్నాడు మా చిన్నాయన ఎట్లుంటాడో మీకిప్పుడు తెలుసు. ఐనా పోయినాడు. పోయి గేటు కాడనే నిలబడి, అంతమంది ముందర చేతులు జోడించి, "నేను ముట్టకూడదప్పా. ఈ పొద్దు నా నోరు బాగలేదు. మీ నాయన మంచోడు. వేరే వాళ్లను పిలిపించండి" అన్నాడు.

జొరమని చెప్పుండొచ్చు. నడుం పట్టుకున్నాదని చెప్పుండొచ్చు. చిన్నమ్మ తల బాదుకోని అదే అడిగింది. "మయ్యత్తు ముందర అబద్ధమా?" అన్నాడు. ఆయన నిజం చెప్పి తప్పుకున్నాడు, ముతవల్లికి మాత్రం తన నాయన మయ్యత్తు కాడికి తాగొచ్చినాడనే వినపడింది. ఆ శుక్రవారం జుమ్మా నమాజు నాడు మసీదు వాకిట్లో అందరికీ వినపడేటట్లు చెప్పినాడంట, తాగుబోతోణ్ణి ఇంక ఎవురి గుసుల్‌కూ పిలవకూడదని. చిన్నాయన ఆ పొద్దు అంగట్లో ఆ తెల్ల దూది సంచిని కిందికి దించి, మళ్లా పైన పెట్టి, మళ్లా దించి, ఏం చేయాల్నో తెలీక కూచున్నాడని చిన్నమ్మ చెప్పింది.

తర్వాత కరోనా వచ్చింది. మీరందరూ చూసిందే. జొరమొచ్చి పోయినా, గుండె ఆగి పోయినా, సొంత కొడుకులే వాకిలి దాటి లోపలికి పోని కాలం. అప్పుడు ఎవురు గుర్తొచ్చినారు? తాగుబోతోడు గుర్తొచ్చినాడు. ముతవల్లే మనిషిని పంపించినాడు. నేనైతే తలుపు ముఖాన వేసుండేదాన్ని. చిన్నాయన సంచి తీసుకోని పోయినాడు.

ఇంక ఆ కాలమంతా ఆయన తాగలేదు. రంజాన్ అయిపోయినా తాగలేదు. పండగ మాపు చిన్నమ్మ వాకిట్లో నిలబడి వాసన చూసి, నమ్మక మళ్లా చూసిందంట. నేను ఫోన్లో "మందేమన్నా తింటాండావా చిన్నాయనా?" అని అడిగితే, "మందేం లేదమ్మా. ఎప్పుడు పిలుస్తారో తెలీదు కదా. నోరు బాగుండాల" అన్నాడు. ఎన్నో ఏండ్లు చిన్నమ్మ ఏడుపుకు, నా అలకకు, మసీదులో నమాజు చదివించే హజరతుల మాటలకు ఆగని మనిషి, ఎవురో పిలుస్తారని ఆగినాడు. రోగం తగ్గింది. జనానికి ధైర్యమొచ్చింది. ముతవల్లి ఇద్దరు కుర్రోళ్లకు ఆ పని నేర్పించి, "ఇంక నువ్వు శ్రమపడొద్దులే, పెద్దోడివైనావు" అని మర్యాదగానే చెప్పి పంపినాడు. కొన్నాళ్లకే చిన్నాయన మళ్లా చెప్పుల మెట్టు మీద ఉండాడు.

"వాళ్లే చంపినారు" అని ఆయన పోయినాక నేను చిన్నమ్మతో అన్నాను. చిన్నమ్మ నా మీద గయ్యిమనింది. "ముతవల్లి ఆయన నోట్లో పోసినాడా మే? తాగింది మీ చిన్నాయన. ఊరి మీద పడి ఏడిస్తే ఆయన పాపం తగ్గతాదా?" అది నిజమే. ఐనా నాకు మంట ఆరలేదు, ఇప్పటికీ ఆరలేదు. పట్టుకోడానికి ఒక కొమ్మ దొరికినోణ్ణి, ఆ కొమ్మ విరిచి, పడినాడు సూడు అని ఎగతాళి చేసిన ఊరిది.

ఈ ఏడు డాక్టరు వద్దన్నా రోజాలు ఉన్నాడు. కాలేయం చెడిపోయింది, కాళ్లు వాచినాయి. "చిన్నాయనా, ఈ సారి పండగ దాటేద్దాం, మదనపల్లెకు రా, నా ఇంట్లో ఉండు" అంటే, సరేనన్నాడు. రాలేదు. ఇప్పుడు రాసింది ఇంతా ఎందుకంటే, ఆయన పోయిన పొద్దు జరిగింది మీకు అర్థం కావాలని.

నేను పుంగనూరు చేరేసరికి చిన్నాయనను ఇంటికి తెచ్చేసినారు. వెనక రూములో మసీదు నుంచి తెచ్చిన గుసుల్ బల్ల మీద పడుకోబెట్టినారు. ముతవల్లి నేర్పించిన ఆ ఇద్దరు కుర్రోళ్లూ వచ్చినారు. రేగాకు నీళ్లు కాంచింది నేనే. వాళ్లు లోపలికి పోయి తలుపు దగ్గరేసుకున్నారు. వాకిట్లో మగోళ్లు ఒక పదిమంది, ముతవల్లి, హజరత్తు. కుప్పం మామ అప్పుడే బస్సు దిగి వచ్చి గోడకానుకోని నిలబడినాడు. నడవలో నేనూ, చిన్నమ్మా.

రవ్వంత సేపటికే ఒకడు ముక్కుకు గుడ్డ కట్టుకోని బయటికొచ్చినాడు. చిన్నమ్మ తలెత్తింది. ఏండ్ల తరబడి ఏ మాట అడిగిందో అదే మాట, అదే గొంతుతో అడిగింది.

"ఎట్లుండాడు నాయనా?"

వాడు వాకిలి దిక్కు తిరిగి, అందరికీ వినపడేటట్లు అన్నాడు. "ఇంకా వాసన కొడ్తాండాది. ఎట్ల కడిగేది?"

పదిమందిలో ఒకడన్నా "నోర్ముయ్" అంటాడని చూసినాను. ఎవురూ అనలేదు. ముతవల్లి గడ్డం నిమురుకున్నాడు. ఒకాయన పక్కాయన చెవిలో ఏమో గొణిగినాడు. ఊర్లో అందరి మరుగూ కాసిన మనిషికి, తన వంతు వచ్చేసరికి ఒక తలుపు రెక్క కూడా నిలవలేదు. నేను నోరు తెరవబోయినాను. అంతలో చిన్నమ్మ లేచింది. చీరె కొంగు బిగించి, జాకెట్టు చేతులు పైకి తోసుకోని, "బయటికి పాండి ఇద్దరూ" అనింది.

"అమ్మా, ఆడోళ్లు..." అన్నాడు ముతవల్లి.

"హజరత్, పెండ్లాం కడగకూడదా?" అనింది చిన్నమ్మ, ముతవల్లి మొగం కూడా చూడకుండా.

హజరత్తు వయసులో చిన్నోడు, ఊరికి కొత్త. తల వంచుకోనే చెప్పినాడు. "కడగొచ్చమ్మా. మీకు హక్కుండాది."

"ఒక్కదానివి ఎట్ల తిప్పతావక్కా?" అన్నది ఎవురనుకున్నారు? కుప్పం మామ. పొద్దున తాగుండాడా అని అడిగినోడు. చెప్పులిడిచి, ప్యాంటు మడుచుకోని, వెనకనే పోయినాడు. తలుపేసుకున్నారు. ఈ సారి గడియ పెట్టినారు.

నేను బిందెలు మోసుకోని పోయి తలుపు కాడ పెట్టేదాన్ని. లోపల నుంచి ఒక చెయ్యి వచ్చి తీసుకునేది. నీళ్ల చప్పుడు వినపడేది. వాకిట్లో వాళ్లు ఎండలో నిలబడలేక ఒకరొకరే వీధిలోకి జరిగినారు. రేగాకు కలిసిన నీళ్లు తూములోంచి వీధిలోకి పారి వస్తాంటే, చెప్పులు తడస్తాయని కాళ్లు ఎత్తి ఎత్తి పెట్టుకున్నారు. కడాకు అంగట్లో నుంచి తెల్ల దూది సంచి తెమ్మనింది చిన్నమ్మ. ఇన్నేండ్లలో ఆ సంచిని నేను ముట్టింది అప్పుడే.

తలుపు తెరిచేసరికి కర్పూరం వాసన వచ్చింది. చిన్నమ్మ చేతులు మోచేతుల దాకా తడిసి, వేళ్లు ముడతలు పడి ఉండాయి. దూది పోగు ఒకటి బొటనవేలికి అంటుకోనుండాది. ఏడుపు లేదు. వాకిట్లో మిగిలిన నలుగురూ ఆమె నోటి దిక్కే చూస్తాండారు. అడిగే మనిషి ఇంక నేనే కదా.

"ఎట్లుండాడు చిన్నమ్మా?"

ఆమె నన్ను కాదు, వాళ్లను చూసింది. ఒకరి తర్వాత ఒకరిని, ముతవల్లితో సహా, తీరిగ్గా చూసింది.

"మనిషి మాదిరే ఉండాడు" అనింది. తడి చేతులు తుడుచుకోకుండా, గడపలో ఆయన కూచునే తావులో కూచునింది.